నాన్నను నడిపించిన శుక్రవారం

మొన్న నాన్న ఫోన్ చేసి, "మన కంప్యూటర్ ఆంటీ పోయిందట బిడ్డా" అన్నాడు. తర్వాత ఆ శుక్రవారం సంగతి ఎత్తింది ఆయనే. ఏడుస్తూనే ఇద్దరం పగలబడి నవ్వాం.

తొంభైల్లో బహ్రెయిన్‌లో, మహూజ్‌లో, ఆవిడ మా పై అంతస్తులో ఉండేది. విజయవాడ మనిషి. బిల్డింగులో కంప్యూటర్ ఉన్నది వాళ్లింట్లోనే. అక్కడ శుక్రవారమే సెలవు. ఆ రోజు పిల్లలందరం పొలోమని పైకి పరిగెత్తేవాళ్లం. కానీ ముందు కంప్యూటర్ ముట్టనిచ్చేదే కాదు! హాల్లో సామానంతా గోడకు నెట్టి, ఒకర్ని మిషన్‌గా నిలబెట్టేది. మిగతావాళ్లం నడిపించాలి. "రెండడుగులు ముందుకు. కుడికి తిరుగు." తప్పు చెబితే మిషన్ పోయి సోఫా ఎక్కేది. అబ్బ, ఎంత గోలో! "మిషన్‌ని తిట్టకండర్రా, మీరేం చెప్పారో చూసుకోండి" అనేది, చెంగుతో చెమట తుడుచుకుంటూ. ఇవాళ నేను ప్రోగ్రాములు రాసి బతుకుతున్నానంటే ఆవిడ చలవే.

నాన్న కంపెనీ డ్రైవరు. నేను కంప్యూటర్ నేర్చుకుంటున్నానని డ్యూటీలో అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు. తీరా గంతులేస్తున్నామని తెలిసి ఒంటికాలి మీద లేచాడు. ఆ శుక్రవారం నన్ను మాన్పించడానికే పైకొచ్చాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"గిదేం కంప్యూటర్ చెల్లె? ఉత్త ఆటలేనాయె. ఇగ మా పిల్ల రాదు, ఖలాస్."

"అలాగే అన్నయ్యగారూ. ఒక్కసారి మిషన్‌గా నిలబడండి. మీ అమ్మాయి మిమ్మల్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టలేకపోతే తీసుకెళ్లిపోండి."

నాన్న నాకెదురుగా బిగదీసుకుని నిలబడ్డాడు. కుర్చీ నాకు ఎడమవైపు. "ఎడమకు తిరుగు, నడువు" అన్నాను. ఆయన తన ఎడమకు తిరిగి నేరుగా గోడ దాకా పోయాడు. ఎక్కడ ఆగాలో నేను చెప్పలేదు కదా, ముక్కు గోడకానించి ఉన్నచోటే అడుగులేస్తున్నాడు! పిల్లలు పడీ పడీ నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చేసింది.

"ఏడవకు. ఆయన వెనక్కెళ్లి నిలబడు. ఆయనకు ఎడమేదో అప్పుడు తెలుస్తుంది" అంది ఆంటీ.

వెళ్లి నిలబడ్డాను. భలే, తెలిసిపోయింది! "ఆగు. కుడికి తిరుగు. మళ్లీ కుడికి. కుర్చీ తగిలేదాకా నడువు. వెనక్కి తిరుగు. కూర్చో."

కూర్చున్నాడు! హాలంతా ఈలలు, చప్పట్లు.

"అయిపోయింది అన్నయ్యగారూ, ఇక లేవండి" అంది ఆంటీ నవ్వుతూ.

నాన్న కదల్లేదు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ఎదురుగా చూస్తూ అన్నాడు:

"నేను మిషన్ను గద చెల్లె. లెవ్వుమని మా పిల్ల చెప్పాలె."