ఫ్యాన్ లేని గది

ఆ గదిలో ఫ్యాన్ లేదు. కడప ఎండల్లో ఫ్యాన్ లేని గదిలో ఇష్టపడి కూర్చునేవాణ్ణి మా సిమెంటు ఫ్యాక్టరీ మొత్తం మీద నేనొక్కణ్ణే. ల్యాబులో త్రాసు పెట్టిన గది అది. అద్దాల పెట్టెలో ఉండే ఆ త్రాసు మనిషి ఊపిరి తగిలినా కదులుతుంది. అందుకే అక్కడ గాలి ఆడకూడదు, తలుపు తెరిచి ఉంచకూడదు, మాట్లాడకూడదు. మిల్లు అదురు తగలకుండా దాన్ని మందపాటి కడప బండ మీద పెట్టారు. మిగతా కెమిస్టులు లోపలికి పోయి, తూకం చూసుకుని, చెమటలు కక్కుకుంటూ బయటపడేవాళ్లు. నేను ఏదో ఒక వంకతో అక్కడే ఉండిపోయేవాణ్ణి. చొక్కా వీపుకి అతుక్కుపోయేది. అయినా నా ప్రాణానికి హాయిగా ఉండేది.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నాకున్నదానికి ఇప్పుడొక పేరుంది. ఆటిజం అని చాలా ఏళ్ల తర్వాత ఒక డాక్టరమ్మ చెప్పింది. అప్పట్లో మావైపు తెలిసిన పేర్లు రెండే, ఒకటి తిక్క, రెండోది పొగరు. మాది పత్తికొండ దగ్గర పల్లె. ఇంట్లోవాళ్లు తిక్క అనేవాళ్లు, బయటివాళ్లు పొగరు అనేవాళ్లు. ఏమీ అననివాడు మా అన్న ఒక్కడే. అది కూడా అతనికి తన మాటల మధ్య ఖాళీ దొరక్క.

నా బాధ ఇదీ. పదిమంది మాట్లాడుతుంటే పది గొంతులూ నాకు ఒకే ఎత్తున వినిపిస్తాయి. ట్యూబ్‌లైటు గుయ్యిమనడం, పక్కవాడు గ్లాసులో చెంచా తిప్పడం, ఎదుటి మనిషి నాతో చెప్పే మాట, అన్నీ ఒకేసారి లోపలికి వచ్చి కూర్చుంటాయి. అందులోంచి మాటను ఏరుకోవడానికే నా ఓపికంతా పోతుంది. జవాబు ఆలస్యమవుతుంది. ఆలస్యమైతే పొగరు.

ల్యాబులో మాత్రం నాకు ఏ తిక్కా లేదు. గని నుంచి వచ్చిన సున్నపురాయి పొడిని కరిగించి, బ్యూరెట్ నుంచి చుక్కచుక్కగా ద్రావణం వదులుతుంటే, ఫ్లాస్కులో ఉన్న ఎరుపు ఒక్క చుక్కతో నీలంగా మారుతుంది. ఆ చుక్క కోసం చూస్తూ ఉండడం నాకు ఇష్టం. అలా చూస్తున్నంతసేపు నాతో ఎవరూ మాట్లాడరు కూడా. జీతమిచ్చి మరీ నన్ను ఇలా ఉండనిస్తున్నారని లోలోపల ఆశ్చర్యపోయేవాణ్ణి.

బాగా చేస్తున్నవాణ్ణి ఆ పని నుంచి తీసేయడాన్నే ప్రమోషన్ అంటారని నాకు తెలియదు. నన్ను షిఫ్ట్ ఇన్‌ఛార్జిని చేశారు. నడుముకి ఒక వాకీటాకీ తగిలించారు. అది రోజంతా గరగరలాడుతూనే ఉండేది. బట్టీ నుంచి ఒకడు, మిల్లు నుంచి ఒకడు, ప్యాకింగ్ నుంచి ఒకడు, అందరికీ అన్నీ అప్పటికప్పుడే కావాలి. చుక్కలు చూసే పని వేరేవాళ్లకి పోయింది, వాళ్లను చూసే పని నాకు వచ్చింది.

ఊళ్లో మా అన్న పొట్టేలు కోసి భోజనాలు పెట్టాడు. టమాటా వ్యాపారం చేస్తాడు, ఊరి వ్యవహారాల్లో తిరుగుతాడు. అతని దృష్టిలో కుర్చీ అంటే ఎక్కేదే గాని దిగేది కాదు. అంతకుముందు ఒకసారి నీటి సంఘం ఎన్నికల్లో ఓడి అధ్యక్ష పదవి పోతే, సిగ్గుతో చాలా రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. అలాంటి ఇంట్లో నేనొక కుర్చీ ఎక్కాను. ఫోన్‌లో అతను చెప్పింది ఒక్కటే, ఇప్పుడు నలుగురిలో నా తమ్ముడు ఇన్‌ఛార్జి అని చెప్పుకుంటున్నానని.

మొదట్లో వాకీటాకీ మోగితే చెవులు నొప్పి పుట్టేవి. కొన్నాళ్లకి ఆ నొప్పి పోయింది. అలవాటైపోతుందిలే అని అందరూ అన్నది ఇదే కాబోలనుకున్నాను. కాదు. నొప్పితోపాటు మిగతావి కూడా పోయాయి. అన్నం తింటుంటే కారమో చప్పనో తెలిసేది కాదు. ఎండ తెలిసేది కాదు. ఇంటికి వచ్చి స్కూటర్ ఆపి, దిగాలని గుర్తురాక దాని మీదే కూర్చుని ఉండేవాణ్ణి. మా ఆవిడ బయటికి వచ్చి చెయ్యి పట్టుకుని దించేది. కుక్కర్ కూత నాకు పడదని, నేను వచ్చేలోపే వంట ముగించేది. ఇంతా చేస్తే నేను ఆమెతో ఒక్క మాట మాట్లాడేవాణ్ణి కాదు. మాట్లాడకూడదని కాదు, మాట లోపల ఉండేది కాదు.

ఒకరోజు ఆమె నా ఎదురుగా కూర్చుని అడిగింది. "మాట్లాడకపోతే పోనీలే. యాడన్నా నొప్పైతాందా, అదన్నా చెప్పు."

లేదన్నాను. అది నిజమే. నొప్పి ఉన్నా బాగుండేది, ఆమెకు చూపించడానికి ఏదో ఒకటి ఉండేది.

ఆ నెలలోనే ఒక కెమిస్టు రాకపోతే అతని పరీక్ష నేను చేశాను. బ్యూరెట్ తిప్పాను, చుక్కలు పడ్డాయి. ఎరుపు నీలమైంది. నేను తిప్పుతూనే ఉన్నాను. నీలం నా కళ్లముందే ఉంది, కానీ దాన్ని చూసి ఆగాలన్నది నాకు తట్టలేదు. ఫ్లాస్కు పారబోసి మళ్లీ చేశాను. ఎవరికీ ఏ నష్టమూ రాలేదు. నాకు మాత్రం అర్థమైంది, నాకు వచ్చిన ఆ ఒక్క పని కూడా నా నుంచి పోతోందని.

మర్నాడు ల్యాబ్ మేనేజరు దగ్గరికి పోయి, నన్ను మళ్లీ కెమిస్టుగా వేయమని అడిగాను. ఆయన కృష్ణా జిల్లా మనిషి, మర్యాదస్తుడు. ప్రమోషన్ వద్దనేవాణ్ణి తన సర్వీసులో చూడలేదన్నాడు. ఎవరైనా ఏమైనా అన్నారా, ఇంట్లో ఇబ్బందులా అని అడిగాడు. కారణం చెప్పమన్నాడు. చప్పుడు అని చెప్పాను. సిమెంటు ఫ్యాక్టరీలో చప్పుడు కాక ఇంకేం ఉంటుందయ్యా అని నవ్వి, బాగా ఆలోచించుకోమని పంపించేశాడు.

సంగతి తెలిసి మా ఆవిడ భయపడి మా అన్నకి ఫోన్ చేసింది, దిగిపోతానంటున్నాడు బావా అని. మావైపు మగవాడు కుర్చీ దిగుతానన్నాడంటే దానికి ఒక్కటే అర్థం, ఎవడో అవమానించాడు. చప్పుడు వల్ల దిగినవాడు మా వంశంలో లేడు. అన్న జీపు వేసుకుని వచ్చేశాడు. వెంట నలుగురు బంధువులు, అందరూ తెల్ల చొక్కాల్లో ఉన్నారు. నిజానికి వాళ్లు దారిలో ఒక పెళ్లికి పోవాలి, ఆ బట్టలు అందుకు. ఆ సంగతి మేనేజరుకు తెలియదు కదా.

అన్న ఆయన ముందు మర్యాదగానే కూర్చుని, మర్యాదగానే చెప్పాడు. "మావాడు నోరులేనోడు సార్. వానికి ఏమన్నా అయితే అడిగేకి మేము ఉండాము."

ఏదైనా సాయం కావాలంటే మాకు చెప్పండి అని అతని ఉద్దేశం. మేనేజరు మా సీమ మీద తీసిన సినిమాలు బాగా చూసినట్టున్నాడు. ఆయన చెయ్యి టీ కప్పు మీదే ఉండిపోయింది. అలాంటిదేమీ లేదండీ, మా మనిషిలా చూసుకుంటామండీ అన్నాడు. అన్న సంతోషపడి, వెళ్తూ వెళ్తూ ఒక గంప టమాటాలు దించి పోయాడు.

వారం తిరక్కముందే నాకు ల్యాబు మధ్యలో అద్దాల క్యాబిన్ కట్టించారు. ఏసీ పెట్టించారు. రెండు ఫోన్లు ఇచ్చారు. వచ్చేపోయేవాళ్లందరూ అద్దంలోంచి నన్ను చూసి నమస్కారం పెట్టేవాళ్లు, నేను తిరిగి పెట్టాలి. ఏసీ రోజంతా గుర్రుమనేది. త్రాసు గదిలోకి పోవడానికి వంక కూడా లేకుండా పోయింది, ఇన్‌ఛార్జికి తూకాలతో ఏం పని? నా మేలు కోరి ఇన్ని చేసిన అన్న మీద గాని, మేనేజరు మీద గాని నాకు కోపం రాలేదు. దుఃఖమూ రాలేదు. ఏమీ రాలేదు.

ఉద్యోగం వదిలేస్తే ఊరికి పోవాలి. అన్న ఇంటి ముందే లారీలు ఆగుతాయి, అరుగు మీద రోజంతా బేరాలు, కేకలు. నాకు వేరే పని రాదు. ఉంటే ఇలా రాయినైపోతాను, పోతే అక్కడ బతకలేను. రెండూ ఎదురుగా కనబడుతున్నా, అది ఇంకెవరి సంగతో అన్నట్టు చూస్తూ ఉండేవాణ్ణి.

వేసవి మొదట్లో ఒక ఉదయం ఫోన్ మోగింది. ఎత్తాను. అవతల హలో హలో అంటున్నారు. నాకు నోరు తెరుచుకోలేదు. ఎంత ప్రయత్నించినా పెదవులు విడివడలేదు. ఫోన్‌ను బల్ల మీద పెట్టాను. నడుముకున్న వాకీటాకీ తీసి దాని పక్కన పెట్టాను. నడుచుకుంటూ త్రాసు గదిలోకి పోయి, తలుపు మూసి, కడప బండ కింద నేల మీద కూర్చున్నాను. భోజనాల వేళకి కూడా లేవలేదు. మేనేజరు ఒకసారి తలుపు తీసి చూసి, నన్ను ముట్టుకోవడానికి కూడా భయపడి, మా అన్నకే ఫోన్ చేశాడు. టమాటా లోడు మీద ప్రొద్దుటూరు వచ్చి ఉన్నాడట. మూడు గంటలకల్లా దిగాడు.

తలుపు ధడాలున తెరుచుకుంది. "ఎవుడేమన్నాడు? వాని పేరు చెప్పు," అన్నాడు అన్న. ఇంకోసారి గట్టిగా అడిగాడు. వెనక నుంచి మేనేజరు సన్నగా, లోపల మాట్లాడకూడదండీ, త్రాసు కదులుతుందండీ అన్నాడు. అన్న ఆయన్ను చూశాడు, అద్దాల పెట్టెను చూశాడు. తలుపు వేసి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఫ్యాన్ స్విచ్ కోసం గోడలన్నీ వెతికాడు. లేదు. భుజం మీది తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. మా అన్న మాట్లాడకుండా అంతసేపు కూర్చోవడం అదివరకు నేను చూడలేదు.

చివరికి చాలా మెల్లగా అన్నాడు. "మన గింజల రూము మాదిరి ఉండాది."

నేను తలెత్తాను. మా ఇంట్లో వెనకాల జొన్నలు, కొర్రలు పోసే చీకటి గది ఒకటి ఉండేది.

"పెండ్లిలో డోలు కొడితే నువ్వు చెవులు మూసుకోని అరుస్తాంటివి. నిన్ను ఆ రూములో ఏసి తలుపు మూసేది నేనే కదరా. గొళ్లెం చప్పుడు కాకుండా గుడ్డ కూడా పెడ్తాంటి. అంతా మర్సిపోయినా."

నాకు నోరు పెగిలింది. "ఈడుంటే పని చేస్తా అన్నా. ఆ కుర్చీలో చెయ్యలేను."

"దిగితే ఊర్లో ఏమనుకుంటారో ఎరికేనా?"

"ఎరికే."

అతను తువ్వాలు ముఖానికి అదిమి పెట్టుకున్నాడు. తర్వాత లేచి బయటికి పోయాడు. తలుపు ఓరగా ఉండిపోయింది, అందుకే అంతా కనబడింది, వినబడింది. పదవి పోయిందని ఇంట్లో ముఖం దాచుకున్న మా అన్న, మేనేజరు ముందు నిలబడి రెండు చేతులూ జోడించాడు. మేనేజరు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మావాణ్ణి కుర్చీ నుంచి దించండి సార్. నేనే అడుగుతాండా. వానికి ఆ రూము ఇస్తే చాలు."

ఆయన నమ్మలేక, కోపంగా ఉన్నారాండీ అని అడిగాడు. అన్న తల అడ్డంగా ఊపాడు. ఆ తర్వాత నేను ఆ ఫ్యాక్టరీలో ఎన్నో ఏళ్లు కెమిస్టుగానే ఉన్నాను. నా కింద పనిచేసినవాళ్లు నా పైవాళ్లయ్యారు. నాతో పనుంటే వచ్చి తలుపు దగ్గర నిలబడేవాళ్లు, నేను తల తిప్పాకే మాట్లాడేవాళ్లు. ఆ పద్ధతి పెట్టింది మేనేజరే. భయంతో పెట్టాడో, అర్థమై పెట్టాడో నేనెప్పుడూ అడగలేదు. ఊళ్లో మాత్రం మా అన్న చాలా రోజులు నలుగురిలోకి పోలేదని తర్వాత మా వదిన చెప్పింది.

ఆ రోజు అన్న మళ్లీ తలుపు దగ్గరికి వచ్చాడు. భుజం మీది తువ్వాలు తీసి మడతపెట్టి, తలుపుకీ గోడకీ మధ్య ఉంచి, చప్పుడు కాకుండా దగ్గరికి లాగాడు. బయట ఎవరితోనో చెబుతున్నాడు. "ఎవురూ లోపలికి పోవద్దండప్పా. మావాడు పనిలో ఉండాడు."

నేను నేల మీంచి లేచి స్టూలు మీద కూర్చున్నాను. వీపంతా తడిసిపోయి ఉంది. మెడ మీద నుంచి చెమట కారుతోంది. గది నిప్పుల కొలిమిలా ఉంది, ఇంతసేపూ అందులో ఎలా కూర్చున్నానో తెలియలేదు. ఎన్నో నెలల తర్వాత నాకు ఉక్కపోసింది. ఏడుపు వచ్చింది.