పిప్పిచూపులు

మొన్న ఆదివారం పొద్దున బెంగళూరు నుంచి వస్తూనే మా మనవరాలు, మదనపల్లెలోని మా వంటింట్లో మిక్సీకీ గ్రైండరుకీ నడుమ మా కోసం తెచ్చిన ఎస్‌ప్రెసో మిషనును నిలబెట్టి, పొడి నింపి అణిచే పనిని నాకు అప్పగించింది, ఎందుకంటే ఇంట్లో ఏ పనీ లేనివాణ్ణి నేనొక్కణ్ణే. కాఫీ దిగింది. తాగుతుందనుకుంటే, ముందు మిషను నుంచి పొడి నింపిన గిన్నెను పిడితో సహా ఊడదీసి, బోర్లించి తట్టింది. చిన్న పిడకలాంటి నల్లటి బిళ్ల పళ్లెంలో పడింది. డాక్టరు నాలుక చూసినంత శ్రద్ధగా దాన్ని చూసి, అంచున ఉన్న ఒక బొక్క మీద వేలు పెట్టింది.

"సూడు తాతా, ఒక పక్కకే అణిచినావు. నీళ్లన్నీ ఈ బొక్కలో పడి పారిపోయినాయి. మిగతా పొడికి స్నానం కూడా కాలేదు."

నేను నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాను. మిషనును ఎగతాళి చేస్తున్నాననుకుని మనవరాలు మూతి ముడుచుకుంది. పాపం, దానికేం తెలుసు, ఇలాంటి బొక్కే యాభై ఏళ్ల కిందట కుప్పంలో నా పెళ్లిని నిలబెట్టిందని.

మా ఈడు వాళ్లకు ఇత్తడి ఫిల్టరు గురించి చెప్పనక్కరలేదు. పై గిన్నెలో పొడి, పొడి మీద గొడుగులాంటి చిల్లుల బిళ్ల, ఆపైన మరిగిన నీళ్లు, ఆపైన మన ఓపిక. పుంగనూరులో మా అమ్మ రోజూ ఆ ఫిల్టరును కడిగే ముందు, పెరట్లో కరివేపాకు చెట్టు దగ్గర పిప్పిని పళ్లెంలోకి తట్టి, కాసేపు చూపు తిప్పుకోకుండా చూసేది. పిప్పి నడుమ పగిలి ఉంటే నీళ్లు ఒక్కసారే కుమ్మరించినట్టు, పైన బురదలా తేలితే నీళ్లు సరిగా కాగనట్టు, జిగటగా వేలికి అంటుకుంటే చికోరీ ఎక్కువ పడినట్టు. ఆ రోజు కాఫీ పెట్టింది మా పెద్దత్తయ్యో చిన్నత్తయ్యో అడక్కుండానే చెప్పేసేది. మా నాన్న ఒకసారి, ఎవరూ చూడలేదనుకుని, అదే పొడి మీద రెండోసారి నీళ్లు పోసుకుని తాగాడు. మనుషుల్ని పీల్చి పిప్పి చేసేది ఉద్యోగం ఒక్కటే అని నమ్మిన మనిషాయన. ఆయన్ని పట్టించింది మాత్రం తెల్లబోయిన ఆ పిప్పే.

నాకు పట్టుగూళ్ల మార్కెట్లో ఉద్యోగం వచ్చి, సంబంధాలు చూడటం మొదలయ్యాక, అమ్మ ఈ విద్యను ఊళ్లు దాటించింది. వెళ్లిన ప్రతి ఇంట్లోనూ మంచినీళ్ల వంకతో వంటింట్లోకి వెళ్లి ఫిల్టరు మూత తీసేది. అందరూ పెళ్లిచూపులకు వెళితే మేము పిప్పిచూపులకు వెళ్లేవాళ్లం. రెండు ఇళ్లలో, పిల్ల పెట్టిందన్న కాఫీ వెనక వంటమనిషి చెయ్యి తిరిగిన పనితనం కనిపించి, ఆ సంబంధాలు అక్కడితో ఆగిపోయాయి. "కాఫీ పెట్టను రాకపోతే పాయె, అబద్ధం యాల?" అన్నది అమ్మ ఒకే ఒక్క మాట. మూడోది కూడా తప్పితే నా తలమీద మిగిలిన వెంట్రుకలు సైతం నాతో సంబంధం తెంచుకునేలా ఉన్నాయి.

పలమనేరు, వెంకటగిరికోట మీదుగా బస్సులో కుప్పం చేరాం. ఆ అమ్మాయి కాఫీ తెచ్చి ఇచ్చింది. నేను ఆమెను చూస్తూ గ్లాసును దబరాలో పెట్టబోయి ఒళ్లో పెట్టుకున్నాను. కొత్త చొక్కా మీదుగా కాఫీ దిగుతుంటే, ఆమె తల వంచుకోకుండా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, హాయిగా నవ్వింది. చేసుకుంటే ఈమెనే చేసుకోవాలని నాకు ఆ క్షణానే తేలిపోయింది. సరిగ్గా అప్పుడే వాళ్ల మేనత్త, కాఫీ టిఫిను అంతా మా పిల్ల చేతిదే అని గొప్పగా చెప్పింది. మా అమ్మ మంచినీళ్లకని లేచింది. మా నాన్న పైకప్పు వంక చూశాడు. నేను దేవుళ్లందరి వంకా చూశాను.

అమ్మ తిరిగొచ్చి గడప దగ్గరే నిలబడింది. "ఏమ్మా, కాఫీ నువ్వే పెట్టినావా?"

మేనత్త మోచెయ్యి కదలడం నేను చూశాను. ఆ అమ్మాయి ఒకసారి మేనత్తను, ఒకసారి నా చొక్కాను చూసింది.

"లేదమ్మా, మా నాయన పెట్టినాడు. మాయమ్మ తెల్లారితే పట్టుపురుగులకు ఆకు కోసేదానికి పోతాది. ఈ ఇంట్లో కాఫీ ఎప్పుడూ మా నాయనదే. నేను పెట్టుంటే మీరు ఈపాటికి బస్టాండులో ఉందురు."

మేనత్త నెత్తి కొట్టుకుంది. ఆ నాయన, దొంగతనం బయటపడినవాడిలా తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"నాకు తెలుసులేమ్మా," అంది అమ్మ. "అంచున బొక్క సూస్తానే అనుకున్నా, ఇది మొగోళ్ల తొందరని." ఆయన వైపు తిరిగి, "మావోడికి నీళ్లు కాగబెట్టేది కూడా రాదప్పా. ఎట్లాగూ అల్లుడై వస్తా పోతా ఉంటాడు కదా, రోంత నేర్పించు," అంది.

అది ఒప్పుకోలని అక్కడున్నవాళ్లకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. నాకు మాత్రం వెంటనే అర్థమై, గ్లాసులో మిగిలినదాన్ని ఆనందంగా ఒక్క గుటకలో తాగి నాలుక కాల్చుకున్నాను. వెంకటగిరికోట దాకా మాట రాలేదు, బస్సులోవాళ్ల అదృష్టం.

మామగారు నేర్పినంత నేర్పారు. ఆయన విద్యతో పాటు ఆయన బొక్క కూడా నాకు వచ్చింది. అల్లుడికి కట్నమొద్దంటే ఇదొక్కటి ఇచ్చి పంపినట్టున్నారని, మా ఇంట్లో నేను కాఫీ పెట్టిన ప్రతిరోజూ పిప్పి చూసి అమ్మ నవ్వేది. కళ్లు మసకబారిన చివరి రోజుల్లో కూడా వేలితో తడిమి, బొక్క తగలగానే, "నువ్వేరా," అనేది.

ఇదంతా విని మా మనవరాలు, పిప్పి చూస్తే అన్నీ తెలియవు తాతా, ఆఖరికి రుచే చూడాలి అంది. నిజమే, అమ్మ కూడా ఒక గుక్క తాగాకే వంటింట్లోకి వెళ్లేది. ఆ పిల్ల బిళ్లను ఫోటో తీసి ఎవరెవరికో పంపితే, ముక్కూ మొహం తెలియని వాళ్లు నా చేతి వంకర గురించి సలహాలు ఇచ్చారు. ఫోటో అయ్యాక బిళ్లను పడేయబోతుంటే అడిగి తీసుకుని, కరివేపాకు మొక్క దగ్గరికి తీసుకెళ్లాను. మా ఆవిడ వెనకాలే వచ్చి నా భుజం మీదుగా తొంగిచూసి, "మా నాయనే," అని, యాభై ఏళ్ల కిందటి నవ్వే నవ్వింది.

ఇప్పుడు ఎవరింటికి వెళ్లినా కాఫీ బాగానే ఉంటుంది, మిషన్లు మంచివి. గ్లాసు చేతిలో పెట్టాక, ఇది ఎవరు పెట్టారమ్మా అని మాత్రం ఎవరూ అడగరు. అడిగే మనిషి ఉన్నన్నాళ్లూ వణికాను. ఇప్పుడు రోజూ పొద్దున బిళ్లను వేలితో తడిమి, బొక్క తగలగానే, నేనేనమ్మా అని నాకు నేనే చెప్పుకుంటున్నాను.