తువాన్లు చిక్కని సెప్టెంబరు

గ్లెనిస్ హాస్కింగ్‌కు నిచ్చెన పట్టుకోవడమే పదహారేళ్లుగా నా ఉద్యోగం. ఆవిడ మా యూనివర్సిటీలో ఆస్ట్రేలియా సొంత జంతువుల గురించి పాఠాలు చెబుతుంది. అందులోనూ తువాన్ అంటే ప్రాణం. ఎలుక కన్నా కాస్త పెద్దది, సీసాలు కడిగే బ్రష్షులాంటి తోక, చెట్టుతొర్రల్లో కాపురం.

ఊరి చివర అడవి కొట్టి బైపాస్ వేస్తామని కౌన్సిల్ బయల్దేరింది. సర్వేవాళ్లు మా చలికాలం అప్పుడే ముగిసిన సెప్టెంబరులో మూడు వారాలు బోన్లు పెట్టి, ఒక్క తువానూ చిక్కలేదు కాబట్టి అక్కడ అవి లేవని రాసేశారు. పాఠాల కోసం గ్లెనిస్ ఆ చెట్లకు తగిలించిన తొర్రల్లాంటి చెక్కపెట్టెల్లో ఒక్కటైనా తెరిచి చూసిన పాపాన పోలేదు.

ఆ రోడ్డు వేసే కంపెనీయే మా యూనివర్సిటీకి కొత్త భవనం కట్టిస్తోంది. అందుకని డీన్ స్పైట్ ఆవిడను పిలిచి, బైపాస్ మీద ఓటింగు పెట్టే కౌన్సిల్ మీటింగులో నోరెత్తితే వచ్చే ఏడాదికి పాఠాలు తయారుచేసుకునే శ్రమ ఉండదన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడో! నాకు ఒళ్లు మండింది. ఆవిడ మాత్రం మీటింగు ఎన్నింటికని నన్నడిగింది.

మీటింగులో లేచి నిలబడి సర్వే అతన్నే చూస్తూ అంది: "చలికాలంలో జత కట్టాక మగ తువాన్లన్నీ చచ్చిపోతాయి. ఒక్కటీ మిగలదు. మొగుళ్లందరూ పోయి, బాలింతలు తలుపులేసుకుని కూర్చుంటే, వీధిలో ఎవరూ లేరని అసలు ఊరే లేదంటారా?"

మేయర్ లెస్ ట్రెంబాత్ ఒకప్పుడు మాంసం కొట్టు నడిపినవాడు, మొహమాటం లేని మనిషి. "మాటలెవరైనా చెబుతారు. చూపించు, గ్లెనిస్."

"పొద్దున ఎనిమిదింటికి రండి. మంచి బట్టలు వేసుకోకండి, నిచ్చెనెక్కాలి."

మేయరుతో పాటు ముగ్గురు కౌన్సిలర్లొచ్చారు. మొదటి మూడు పెట్టెలూ ఖాళీ. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే నేను నిచ్చెనను నాలుగో చెట్టుకు మార్చాను. నాలుగోదాని మూత గ్లెనిస్ వేలెడంత ఎత్తి, మేయరును పైకెక్కించింది. ఆయన చాలాసేపు దిగలేదు. దిగాక గొంతు తగ్గించి, తల్లి కింద ఎనిమిది పిల్లలున్నాయన్నాడు. ఓటింగు ఆపేస్తున్నానని, సర్వే మళ్లీ మగవి కూడా బతికి తిరిగే రోజుల్లో, ఆవిడ చెప్పే నెలలోనే జరగాలని అక్కడే తేల్చేశాడు.

అప్పుడే నా ఫోను మోగింది. ఆవిడ మళ్లీ నిచ్చెన మీదుంది.

"డీన్. శుక్రవారంలోగా యూనివర్సిటీలో మీ గది ఖాళీ చెయ్యాలట" అన్నాను.

"క్లాసు జరుగుతోందని చెప్పు" అని, కింద నిలబడ్డ ఒక కౌన్సిలర్‌ను పైకి రమ్మంది.