మెట్ల మీద కూర్చుని వినేవాడు

కళాకారుల జీవితం తెలిస్తే వారి కళ మరింత బాగా అర్థమవుతుందని అందరూ అంటారు. కావచ్చు. ఆ జీవితంలో ఏ ముక్కను, ఎవరు కోసి వడ్డిస్తున్నారని మాత్రం అడిగేవాళ్లు తక్కువ.

ఒక లిఫ్టు మెకానిక్ కూతురు, పందొమ్మిదేళ్ల వయొలిన్ విద్యార్థిని, ఈ అభిప్రాయాన్ని నమ్మే ఒక టెలివిజన్ కార్యక్రమానికి సంతకం పెట్టింది. శాస్త్రీయ సంగీతంలో ప్రతిభ గల యువతను సొంత కథలతో సహా పరిచయం చేసే కార్యక్రమం అది. అందులో కనిపించిన వాళ్లకు పెద్ద వాద్యబృందాల నుంచి పిలుపు వస్తుంది. ఆమెకు కావలసింది ఆ పిలుపే.

రెండు గదుల ఇల్లు. ఉండేది తండ్రీ కూతుళ్లిద్దరే. ముప్ఫై ఏళ్లుగా లిఫ్టు గోతుల్లో పీల్చిన దుమ్ము తండ్రికి వదలని దగ్గుగా మిగిలింది. కూతురు వయొలిన్ కమాను బిగించడం మొదలుపెట్టగానే ఆయన లేచి, చొక్కా తొడుక్కుని, తలుపు దగ్గరగా వేసి మెట్ల మీద కూర్చుంటాడు. సంగీతం నెమ్మదిగా సాగే చోట తన దగ్గు అడ్డం పడకూడదని ఆయన పట్టుదల. సాధన ముగిసేదాకా అక్కడినుంచి కదలడు.

చిత్రీకరణ నాడు దర్శకురాలు అడిగింది: "నువ్వు వాయిస్తుంటే నాన్నగారు ఏం చేస్తారమ్మా?"

"నేను మొదలుపెట్టగానే నాన్న బయటికెళ్లిపోతాడు," అని నవ్వి, దగ్గు సంగతీ, మెట్ల సంగతీ చెప్పింది.

ప్రసారానికి ముందు ఆమె చూసి ఒప్పుకోవాలన్నది ఒప్పందం. వారం తర్వాత తండ్రీ కూతుళ్లు స్టూడియోకు వెళ్లారు. తెర మీద మొదటి వాక్యం ఉంది. మిగతాది లేదు. నవ్వుకు బదులు వానలో తడుస్తున్న కిటికీ, ఆ వెనకే మెట్లు దిగుతున్న తండ్రి వీపు. ఆమె వాయించిన పన్నెండు నిమిషాల రచనలో రెండు నిమిషాలు మిగిలాయి; వాటి మీద కూడా ఎవరిదో జాలిగొంతు.

ఇది చూస్తే కలిగేది కోపం కాదు, రోత. అబద్ధమాడేవాడికి నిజమంటే కాస్త భయమైనా ఉంటుంది. వీళ్లు నిజాన్నే కోసి, అక్కర్లేని ముక్కను చెత్తబుట్టలో పారేసి, చేతులు శుభ్రంగా ఉన్నాయని చూపిస్తారు.

"నాన్న దగ్గు ఏదండీ?" అని అమ్మాయి దర్శకురాలిని అడిగింది.

"అది పెడితే కథ నీరుగారిపోతుంది తల్లీ. అయినా అబద్ధమేముంది? నువ్వన్న మాటే కదా!"

"సగం మాటండీ."

"చూసేవాళ్లకి ఆ సగమే కావాలి. చివర్లో మీ నాన్న మారిపోయి నిన్ను దగ్గరికి తీసుకునే ముక్క ఒకటి తీద్దాం. ఏడుపు రాకపోతే కళ్లల్లో వేసే చుక్కలున్నాయి."

ఆవిడ ఆ మాట పరిహాసానికి అనలేదు.

తండ్రి కుర్చీలో కదిలాడు. "పోనీలేవే. ముప్ఫై ఏళ్లు గోతుల్లో ఉన్నవాణ్ని, దుర్మార్గుడిగానైనా టీవీలో కనబడనీ. నీకు పిలుపొస్తే చాలు."

"నువ్వూరుకో నాన్నా."

"నేనూరుకుంటాలే, ఇది ఊరుకోవద్దూ?" అంటూనే దగ్గాడు. తెర ఆగేదాకా అణచుకున్న దగ్గు అది, తొందరగా తెమలలేదు. దర్శకురాలు మొహం చిట్లించి, గది తలుపు తెరవమని సహాయకుడికి సైగ చేసింది.

అమ్మాయి ఇక వాదించలేదు. చెప్పినదంతా ఉంచితే సరే, లేకపోతే తన భాగం మొత్తం తీసేయండని కాగితం మీద రాసిచ్చింది. తీసేశారు. ఆ ఆదివారం ఆమె స్థానంలో చెల్లో వాయించే మరో అమ్మాయి కథ వచ్చింది. వాన కిటికీ మాత్రం అదే.

ఇప్పుడామె వారానికి నాలుగు రోజులు ఒక బడిలో పిల్లలకు వయొలిన్ నేర్పుతోంది. వాద్యబృందాల ఎంపికలకు అందరితో పాటు వరుసలో నిలబడుతోంది. రెండింటిలో ఎంపిక కాలేదు. మూడోది వచ్చే నెల.