అత్తయ్యకు రంగు తెచ్చిన మాత్ర

రెండువేల సంవత్సరం దాటాక కొన్నాళ్లు నేను హైదరాబాదులో ఒక ల్యాబ్‌లో క్యాన్సర్ కణాలను పెంచే పని చేసేదాన్ని. కలిదిండి దగ్గర చేపల చెరువులు చూసుకునే మా మేనత్తకు అదొక నవ్వులాట. "మేం చేపల్ని పెంచుతామండీ, మా మేనకోడలు క్యాన్సర్ని పెంచుతుంది" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేది.

ఆ అత్తయ్యకే ఒక వేసవిలో నీరసం పట్టుకుంది. చెరువు గట్టు మీద నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఏలూరులో డాక్టరు ఎండోస్కోపీ చేసి, కడుపులో గడ్డ ఉందని, దాన్నుంచి రక్తం కారుతోందని చెప్పారు. ఆపరేషన్ చేసి గడ్డ తీశారు గానీ, అది క్యాన్సరే; అప్పటికే కాలేయంలోనూ దాని మచ్చలున్నాయి. గడ్డ ముక్కను జన్యుపరీక్షకు పంపారు.

రిపోర్టు వచ్చిన రోజు, సెలవు పెట్టి వెళ్లిన నన్ను అత్తయ్య మంచం మీద కూర్చుని మెల్లగా అడిగింది.

"పచ్చిమిరపకాయలు ఎక్కువ తిన్నందుకంటావా?"

ఆమె గొంతు వెటకారం లేకుండా వినడం నాకదే మొదటిసారి.

"కాదత్తయ్యా. కణం పెరగాలంటే బయటినుంచి కబురు రావాలి. ఆ కబురు అందుకునే ప్రొటీన్ మీ గడ్డలో పాడైంది. కబురు రాకపోయినా వచ్చినట్టే ఉంటుంది దానికి. అందుకే గడ్డ ఆగకుండా పెరిగింది. కొన్ని కణాలు రక్తంలో పడి కాలేయానికి వెళ్లాయి. ఇందులో మీరు చేసిందేం లేదు."

"పిలవకుండానే పలుకుతుందన్నమాట. అచ్చం మీ మావయ్యలాగే."

గుమ్మంలో నిలబడ్డ మావయ్య "నన్నెందుకే మధ్యలోకి లాగుతావు" అన్నారు.

ఆ ప్రొటీన్‌ని అడ్డుకునే మాత్ర అప్పటికి కొత్తగా వచ్చింది. రోజూ అన్నం తిన్నాక వేసుకోవాలి. కొద్దిరోజులకే కళ్ల చుట్టూ వాపు వచ్చింది. ఆ తర్వాత మేమెవ్వరం అనుకోనిది జరిగింది. ఎండకు మాడిన అత్తయ్య ఒళ్లు తెల్లబడసాగింది. చర్మానికి రంగునిచ్చే కణాలక్కూడా ఆ ప్రొటీనే కావాలి మరి.

ఆకివీడులో ఒక పెళ్లికి వెళ్తే ఆడవాళ్లు చుట్టూ మూగారు.

"ఏ క్రీము వాడుతున్నారండీ?"

"క్రీము కాదండీ, క్యాన్సరు" అంది అత్తయ్య, విస్తట్లో లడ్డూ అందుకుంటూ.

నేను చేతులు కడుక్కునే వంకతో లేచిపోయాను.

ఆ ఏడాది చివర్లో స్కాన్ తీస్తే మచ్చలు చిన్నవయ్యాయి. పూర్తిగా పోలేదు. మాత్ర ఎన్నాళ్లు పనిచేస్తుందో చెప్పలేనన్నారు డాక్టరు. అత్తయ్య తలూపింది. ఏలూరు నుంచి తిరిగొచ్చే బస్సులో, కొల్లేటి గాలికి నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. దిగాల్సిన చోటొచ్చినా నాకు లేపబుద్ధి కాలేదు. మరో స్టాపు ముందుకెళ్లి దిగాం. ఇల్లు చేరేదాకా తిడుతూనే ఉంది.