ఏనుగు చెట్టా, బూరుగా: ఫిల్మ్‌నగర్ నుంచి నయా ఖిలా దాకా

పద్మ డిగ్రీ రోజుల నుంచి నా స్నేహితురాలు. సినిమాలకు దుస్తులు తయారు చేయిస్తూ ఫిల్మ్‌నగర్‌లో స్థిరపడింది. నేను కాకినాడలో వృక్షశాస్త్రం చెబుతాను. జూలైలో ఒకరోజు ఫోన్ చేసి, "ఆదివారం చెట్టు కొట్టేవాళ్ళు వస్తున్నారే. అదేం చెట్టో నువ్వొచ్చి చెప్పు" అంది. సెట్లు వేసే ఆమె భర్త మూర్తి ఒకసారి గోల్కొండలో షూటింగ్ నుంచి వస్తూ అక్కడి కోటలో నయా ఖిలా అనే భాగంలో ఉన్న ఏనుగు చెట్టు (బావోబాబ్) కాయ తెచ్చి, గింజలు మొలకెత్తించి, ఇంటి వెనక బండరాళ్ళ సందులో నాటాడు. మూర్తి ఇప్పుడు లేడు. పక్కింటి నర్సింగరావు గారేమో అది బూరుగు చెట్టని, దాని దూదికే ఏటా ఎండాకాలం తన భార్య సుజాతకు ఆయాసం వస్తోందని అంటున్నారు. ఈ వేసవిలో ఆవిడను ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది.

శుక్రవారం రాత్రి రైలెక్కి తెల్లారి లింగంపల్లిలో దిగాను. అక్కడి నుంచి గచ్చిబౌలి, షేక్‌పేట మీదుగా ఫిల్మ్‌నగర్‌కు క్యాబ్‌లో గంట లోపే. పొద్దున్నే బయల్దేరితే ట్రాఫిక్ బాధ ఉండదు. పద్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. కాఫీ ఇస్తూ, "అక్కడే ఆయన సెట్‌లో మిగిలిన మొక్కలు కూడా నాటాడు. ఏది బతికిందో నాకు తెలీదు. ఎండాకాలమంతా అవుట్‌డోర్ షూటింగుల్లో ఉన్నాను, కాయలు కాసిందో లేదో కూడా చూడలేదు" అంది. ఆ వెంటనే, "బూరుగైతే కొట్టించేస్తాను. ఆవిడ ఊపిరి కంటే నాకీ చెట్టు ఎక్కువ కాదు. నా మొహం చూసి మాత్రం చెప్పకు" అంది.

చెట్టు సీసాలా అడుగున లావుగా, పైకి సన్నగా ఉంది. బూడిదరంగు బెరడు, ఎక్కడా ముల్లు లేదు. ముల్లు లేనంత మాత్రాన తేల్చలేం. తెల్ల బూరుగులో ముళ్ళు లేని రకాలున్నాయి. వేసవిలో మోడుగా నిలిచి నీళ్ళు కాండంలో దాచుకునే చెట్టు కనుక, వానలు పడ్డాకే చిగురు వేసింది. ఆకులింకా పూర్తిగా విచ్చుకోలేదు. ఇది ఏనుగు చెట్టేనని నాకు నమ్మకమైతే కలిగింది. కానీ అటు చెట్టు, ఇటు మనిషి ప్రాణం ఉన్నప్పుడు నా నమ్మకం ఒక్కటే చాలదు. గోడ అవతలి నుంచి చూస్తున్న నర్సింగరావు గారితో, "తల్లి చెట్టు నయా ఖిలాలోనే ఉంది. ఆకు పక్కన ఆకు పెట్టి చూద్దాం, మీరూ రండి" అన్నాను.

"వస్తా మేడం. నాకు చెట్టు మీద పగ లేదు. మా ఇంటామె గోస చూడలేక అంటున్న" అన్నారాయన.

రానూపోనూ, అక్కడ ఆగడానికీ కలిపి ఐదు వందలకు ఆటో మాట్లాడుకున్నాం. షేక్‌పేట దాటి టోలిచౌకి చేరేదాకా ముగ్గురిలో ఎవరూ పెదవి విప్పలేదు. ఆటో నడిపే యాదగిరే అద్దంలోంచి చూసి, "ఏంది సార్, అందరు గిట్ల గమ్మునున్నరు? దవాఖానకు పోతున్నరా?" అని అడిగాడు. చెట్టు చూడటానికంటే నమ్మలేదు. "జర జల్ది పోనియ్ తమ్మీ" అన్నారు నర్సింగరావు గారు.

నయా ఖిలా గేటు దగ్గర పనేమిటో చెబితే లోపలికి పంపారు. ఆ చెట్టు దగ్గరికి వెళ్తే తల పూర్తిగా వెనక్కి వాల్చి చూడాలి. మొదలు ఒక గదంత ఉంటుంది. దీని ప్రజాతి పేరు అడన్సోనియా. అందులో ఎక్కువ జాతులు మడగాస్కర్‌వి, ఒకటి ఆస్ట్రేలియాది. మన దగ్గరున్నది ఆఫ్రికాది. ఒకప్పుడు దీన్ని బూరుగు కుటుంబంలోనే లెక్కవేసేవారు. తర్వాత ఆ కుటుంబం మొత్తాన్ని మందారం, పత్తి ఉన్న పెద్ద కుటుంబంలో కలిపేశారు. ఈ మాట చెబితే, "బెండకాయ గూడ దీని చుట్టమేనా?" అన్నారు నర్సింగరావు గారు. అవునన్నాను. పొద్దుట్నుంచి ఆయన నవ్వడం అదే మొదలు.

రాలిన ఆకు ఒకటి తీసి, పద్మ ఇంటి నుంచి తెచ్చిన ఆకు పక్కన పెట్టాను. ఈ చెట్లన్నిటి ఆకూ అరచెయ్యిలా ఉంటుంది, వేళ్ళలా విడివడేవి చిట్టి ఆకులు. ఎర్ర బూరుగులో ఒక్కో చిట్టి ఆకుకూ విడిగా పొడవాటి కాడ ఉంటుంది. తెల్ల బూరుగు చిట్టి ఆకులు సన్నగా, కోసుగా ఉంటాయి. నా చేతిలోని రెండు ఆకుల్లోనూ చిట్టి ఆకులు వెడల్పుగా, కాడ లేకుండా నేరుగా ఒకే చోట అతుక్కుని ఉన్నాయి. ఒకటి పెద్దది, ఒకటి లేతది, అంతే తేడా. నేను నోరు తెరిచేలోపే నర్సింగరావు గారు చెట్టు కింద పడి ఉన్న పగిలిన కాయ ఒకటి పట్టుకొచ్చారు. లోపల తెల్లగా ఉంది. "మరి గిదేంది? దూదే గదా!" అన్నారు. పద్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నలిపి చూడండి" అన్నాను. వేళ్ళ మధ్య సుద్దముక్కలా పొడి అయింది. ఊదితే ఒక్క పోగు కూడా లేవలేదు. ఆయన ఆ పొడిని అరచేతిలోంచి దులిపేసుకున్నారు. తర్వాత పద్మతో, "ఇది కాదమ్మా. చెట్టు కొట్టేటోళ్ళను రావద్దని చెప్పు" అన్నారు. పద్మ అక్కడే పైకి తేలిన ఒక వేరు మీద కూర్చుని కొంగుతో మొహం కప్పుకుంది.

ఇక ఆ దూది ఎక్కడిదన్నది మిగిలింది. తిరిగొచ్చాక నర్సింగరావు గారి డాబా ఎక్కి చుట్టూ చూశాను. వెనక సందులో, పాత రేకుల షెడ్డు అవతల ముళ్ళ కాండంతో అసలు బూరుగు నిలబడి ఉంది. సరిగ్గా సుజాత గారి వంటగది కిటికీకి ఎదురుగా. కింది నుంచి చూస్తే షెడ్డు అడ్డం. ఆవిడ టీ ఇస్తూ, "దాన్నీ కొట్టిస్తరా ఏంది? పాపం. నాకు ఎండకాలమంటేనే భయం గని చెట్టంటే కాదు" అన్నారు. వచ్చే వేసవిలో కాయలు పగలకముందే దింపించి పరుపులు కుట్టేవాళ్ళకు ఇచ్చేయాలని, ఈలోగా కిటికీకి సన్న జాలీ వేయించి డాక్టర్ని మరోసారి అడగాలని అందరం కలిసి అనుకున్నాం. ఇంటికి రాగానే పద్మ సోఫాలో కూర్చున్నచోటే నిద్రపోయింది. వారం నుంచి కన్ను మూయలేదట.

పాతికేళ్ళుగా పిల్లలకు కుటుంబం, ప్రజాతి, జాతి అని బోర్డు మీద రాస్తున్నాను. పరీక్షలో మార్కులకు తప్ప అవి ఎవరికి అక్కరకొస్తాయని విసుక్కున్న రోజులున్నాయి. ఆ శనివారం మాత్రం ఒక ఆకుకు కాడ ఉందా లేదా అన్నదాని మీద రెండు ఇరుగుపొరుగు ఇళ్ళ సఖ్యత ఆధారపడి ఉంది. లేదని చూసినప్పుడు నా గుండెల మీద నుంచి కూడా పెద్ద బరువు దిగింది. మీరు ఆ చెట్టు చూడాలనుకుంటే జూలై, సెప్టెంబరు మధ్య వెళ్ళండి, ఆకుతో నిండుగా ఉంటుంది. ఆ రోజు లోపలికి పంపుతున్నారో లేదో మాత్రం ముందే కనుక్కుని బయల్దేరండి.