వచ్చిపోయింది కదా అనుకున్నాను

ఆ రోజు పొద్దున పొయ్యి మీద సంగటి ఉడుకుతుంటే నాకు ఆ వాసన పడలేదు. పుట్టినప్పటి నుంచి తింటున్న రాగి సంగటి! కడుపులో తిప్పినట్టయి, తెడ్డు వదిలేసి పెరట్లోకి పరుగెత్తాను. మా అత్త గంగులమ్మ వెనకాలే వచ్చి వీపు నిమురుతూ ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత ఆమె ముఖం వెలిగిపోయింది.

"ఎన్నో నెల మే?" అంది.

అప్పటికి నాకు ముప్పై తొమ్మిదేళ్లు. మా అమ్మాయి టెన్త్ చదువుతోంది. నేను నోరు కడుక్కుని వచ్చేలోపల ఆమె పక్కింటికి పోయి చక్కెర కూడా పంచేసింది. మధ్యాహ్నానికి నాకు పన్నెండు వాంతులు, లెక్కలేనన్ని విరేచనాలు. చక్కెర తిన్నవాళ్లంతా పాపం అంటూ తొంగి చూసిపోయారు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి ఇది. పుంగనూరులో మాది టమాటా సేద్యం చేసే ఇల్లు. మా ఆయన మదనపల్లె మార్కెట్‌కు కాయ వేసుకుపోయే వ్యానులోనే, బాక్సుల పక్కన నన్ను కూర్చోబెట్టి అక్కడి ఆసుపత్రికి తీసుకుపోయాడు. డీహైడ్రేషన్ అని సెలైన్ పెట్టారు. మోషన్ శాంపిల్ బయటి ల్యాబ్‌కు పంపారు. రిపోర్ట్ వచ్చేసరికి నేను లేచి తిరుగుతున్నాను కూడా.

"నోరోవైరస్ అమ్మా. దీనికి విడిగా మందు లేదు, ఒంట్లో పోయిన నీళ్లు మళ్లీ ఎక్కించడమే వైద్యం. ఇందులో చాలా రకాలుంటాయి. మీకొచ్చింది జీనోగ్రూప్ టూ, టైప్ త్రీ" అంది డాక్టరమ్మ.

నా చెవిలో ఆ టైపులేవీ పడలేదు. వచ్చింది, పోయింది. అంతే పడింది.

మా వైపు ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే, ముందే పోసి తగ్గినవాళ్లు దగ్గరుండి సేవ చేస్తారు. వాళ్లకు మళ్లీ రాదని నమ్మకం. ఆ నమ్మకాన్ని తీసుకొచ్చి నేను వాంతులకు అంటగట్టాను.

రెండేళ్ల తర్వాత కుప్పంలో మా ఆడబిడ్డ గృహప్రవేశం చేసింది. పోయి వచ్చిన మర్నాడే మా అత్తకు వాంతులు పట్టుకున్నాయి. డెబ్బై దాటిన మనిషి. అందరూ గాభరా పడుతుంటే నేను కొంగు బిగించి గది గుమ్మంలో నిలబడ్డాను.

"ఎవురూ లోపలికి రాకండి. నాకు వచ్చిపోయింది. నేను సూసుకుంటా."

ఎంత గొప్పో నాకు! కక్కినదంతా పాతగుడ్డతో తుడిచేదాన్ని. చెంబుడు నీళ్లు చేతుల మీద పోసుకుని కొంగుకు తుడుచుకునేదాన్ని. మా ఆయన గుమ్మం అవతలి నుంచి సబ్బు అందిస్తే "నాకు యాల?" అని వెనక్కి పంపాను. మర్నాటికల్లా నేనూ ఆమె పక్కనే చాప మీద పడ్డాను.

"నీకు వచ్చిపోయిందంటివి గదమ్మే?" అంది అత్త, కళ్లు తెరవకుండానే.

మా ఆయన పొద్దుననగా తోటకు పోయాడు. గదిలోకి ఎవ్వరూ రావద్దని నేనే కట్టడి చేశాను కాబట్టి మా అమ్మాయి కూడా తొంగి చూడలేదు. అలా ఒక పూటంతా ఆమెకు గుక్కెడు నీళ్లు పట్టేవాళ్లు లేకపోయారు.

మళ్లీ అదే వ్యాను, అదే డాక్టరమ్మ. మా ఇద్దరికీ పక్కపక్క బెడ్లు. నాకు రెండు బాటిళ్లకే ప్రాణం లేచొచ్చింది. అత్తకు రాలేదు. బీపీ పడిపోయింది, మూత్రం ఆగిపోయింది.

"క్రియాటినిన్ పెరిగింది. ఈ సాయంత్రంలోపల యూరిన్ రాకపోతే తిరుపతికి పంపాలి. డయాలసిస్ అవసరం పడొచ్చు" అంది డాక్టరమ్మ.

నేను భోరుమన్నాను. ఆ పూట నీళ్లు పట్టి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. ఆమెకేమన్నా అయితే నా బతుకంతా ఆ గుమ్మంలోనే నిలబడిపోతుంది అనిపించింది.

"మేడమ్, నాకు ఒకసారి వచ్చిపోయింది గదా. మళ్లీ యాల వచ్చింది?" అని అడిగాను.

ఆమె నా బెడ్ అంచున కూర్చుంది. "ఇది ఒక్కటి కాదమ్మా, పెద్ద వంశం. మనిషి నుంచి మనిషికి పోతూ తనను తాను కాపీ చేసుకుంటుంది. ఆ కాపీలో తప్పులు పడతాయి. రెండు రకాలు ఒకే కడుపులో కలిస్తే ముక్కలు కూడా మార్చుకుంటాయి. మీ ఒళ్లు పాత రకాన్ని గుర్తుపెట్టుకుంది, అదీ కొన్నాళ్లే. ఈసారి వచ్చింది వేరే రకమైతే దాన్ని పోల్చుకోలేదు."

తలుపు దగ్గర నిలబడిన మా ఆయన "టమాటాలో ఏడాదికొక హైబ్రిడ్ వస్తాండాదే, అట్లనా మేడమ్?" అన్నాడు.

"అట్లే. కాకపోతే ఈ విత్తనం ఎవరూ కొనక్కర్లేదు" అంది ఆమె. అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది.

మధ్యాహ్నం నుంచి అందరి చూపూ అత్త బెడ్‌కు వేలాడే యూరిన్ బ్యాగు మీదే. ఎదురు బెడ్‌లో ఉన్న, కలకడ ఊరి నుంచి వచ్చిన ఆమె కూడా తన నొప్పి మర్చిపోయి దాన్నే చూస్తోంది. నాలుగు గంటలకు ట్యూబులో పసుప్పచ్చగా ఒక గీత కదిలింది. మా ఆయన వంగి చూశాడు, కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు, కారిడార్‌లోకి పరుగెత్తాడు.

"పోసింది! మాయమ్మ పోసింది!"

నర్సులు నవ్వుతూ వచ్చారు. కలకడ ఆమె పైకి చూసి దండం పెట్టింది. ఆ గోలకు అత్త కళ్లు తెరిచింది.

"ఏమిరా, నా ఉచ్చకు దండోరా ఏస్తాండావా? మానం తీసినావు గదరా!"

అంత తీయటి తిట్టు నేను ఎన్నడూ వినలేదు. ఆమె చెయ్యి పట్టుకుని ఏడుస్తూనే నవ్వాను.

తిరుపతికి పోయే పని తప్పింది. క్రియాటినిన్ రోజురోజుకూ దిగింది. డిశ్చార్జ్ చేస్తూ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది: "వాంతులు ఆగినా వైరస్ ఇంకా మోషన్‌లో పోతూనే ఉంటుంది. ఇంకో మూడు రోజులు మీరిద్దరూ వంటింట్లోకి పోకూడదు. గదంతా బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లతో తుడిపించండి."

ఆ మూడు రోజులూ సంగటి కెలికింది మా ఆయన. తడిచేత్తో ముద్ద చేయడంలో మా అత్తది అందెవేసిన చెయ్యి. ఈయన చేసినవి ఒకటి కోడిగుడ్డంత, ఇంకొకటి గుమ్మడికాయంత. "ఇది ముద్దనా, బండనా?" అంటూనే ఆమె రెండు తినేసింది.

తర్వాత రిపోర్ట్ వచ్చింది. ఈసారి టైప్ ఫోర్. వేషాలు మార్చడంలో వంశం మొత్తానికీ అదే పెద్దదట.

ఇప్పుడు అత్తకు డెబ్బై తొమ్మిదేళ్లు. సంతకం పెట్టడం రాదు కానీ, ఇంటికి వచ్చినవాళ్లకు టైప్ త్రీకీ టైప్ ఫోర్‌కీ తేడా చెప్పి పంపుతుంది. నేను మీకు చెప్పేది ఒక్కటే. ఇంట్లో ఎవరైనా వాంతులతో పడితే, మీకు ముందెన్నిసార్లు వచ్చిపోయినా సరే, ప్రతిసారీ సబ్బుతో చేతులు రుద్ది కడుక్కోండి.

నిన్న నేను సంగటి ముద్దలు చేయబోతే అత్త తెడ్డు అడ్డం పెట్టింది.

"చేతులు కడిగినావా మే?"

"ఇందాకే కడిగినా అత్తా."

"అది ఇందాకటి రకానికి. ఇప్పటి రకానికి మళ్లీ కడుక్కో, పో."